విన్యాసాల వెనుక వీరధర్మం

నౌకాదళ విన్యాసాలు జరిగేనాడు విశాఖపట్టణంలోని రామకృష్ణా బీచి జనసంద్రమవుతుంది. ఒకవైపు నీటి సముద్రం, మరొకవైపు మనుషుల సముద్రం. చంటిపిల్లలు తండ్రుల భుజాల మీదికెక్కి కూర్చుంటారు. వేరుశనగకాయలు, మొక్కజొన్న పొత్తులు అమ్మేవారికి క్షణం తీరిక ఉండదు. అంతలో దూరాన ఆకాశంలో ఒక చుక్క కనిపిస్తుంది. చూస్తూ ఉండగానే ఆ చుక్క యుద్ధవిమానమై తలల మీదుగా దూసుకుపోతుంది. విమానం కనుమరుగైన తరువాత దాని గర్జన చెవులను తాకి గుండెలను అదరగొడుతుంది. హెలికాప్టర్ల నుండి తాళ్లు పట్టుకొని కమాండోలు సర్రున జారుతారు. తీరంలో నిర్మించిన నమూనా శత్రుస్థావరంపై దాడి జరుగుతుంది. మంట లేస్తుంది, పొగ కమ్ముతుంది, చప్పట్లు మిన్నుముట్టుతాయి.

1971 డిసెంబరు 4వ తేదీ రాత్రి భారత నౌకాదళం కరాచీ రేవుపై జరిపిన దాడికి గుర్తుగా ఏటా ఆనాడు నౌకాదళ దినోత్సవం జరుపుకొంటారు. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖలో ఈ సందర్భంగా ప్రదర్శనలు ఏళ్ల తరబడి సాగాయి. 2022లో జరిగిన వేడుకలకు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము స్వయంగా విచ్చేశారు. ఇటీవలి కాలంలో ఈ దినోత్సవాన్ని ఇతర తీరపట్టణాలలో కూడ నిర్వహిస్తున్నా, విశాఖ ప్రజల మనస్సులో ఆ విన్యాసాలకున్న స్థానం చెక్కుచెదరలేదు.

ఆ చప్పట్లలో దోషమేమీ లేదు. దేశరక్షణకు అంకితమైన వారి నైపుణ్యాన్ని చూసి ప్రజలు ఉప్పొంగడం సహజం. పైగా ఆ విన్యాసాలు కేవలం వినోదం కోసం చేసే గారడీలు కావు. రెక్కకు రెక్క ఆనించినట్లు ఎగిరే విమానాల మధ్య దూరం కొన్ని అడుగులే. కనురెప్పపాటు ఏమరుపాటుకు మూల్యం ప్రాణమే. 2010 మార్చి 3న హైదరాబాదు బేగంపేటలో జరిగిన ప్రదర్శనలో నౌకాదళానికి చెందిన సాగర్ పవన్ బృందంలోని ఒక విమానం కూలి, అందులోని ఇద్దరు అధికారులు మరణించారు. 2019 ఫిబ్రవరి 19న బెంగుళూరు సమీపాన యలహంకలో, ప్రదర్శనకు ముందురోజు సాధన చేస్తుండగా సూర్యకిరణ్ బృందానికి చెందిన రెండు విమానాలు ఢీకొని ఒక పైలట్ అసువులు బాశారు. యుద్ధం లేని రోజున కూడ ఆ వృత్తి ప్రాణాలను పణంగా కోరుతుంది. కనుక చూపరుల కరతాళధ్వనులు ఆ సాహసానికి న్యాయంగా దక్కవలసినవే.

అయితే ఆ ప్రదర్శనలో ఒక ముఖ్యపాత్ర కనిపించదు. యుద్ధవిద్య అంతా ఎవరిని ఉద్దేశించి పుట్టిందో ఆ శత్రువు అక్కడ ఉండడు. పేల్చివేసిన నమూనా స్థావరంలో మనిషి లేడు. అతనికొక పేరు లేదు, ఊరు లేదు, అతని కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూసే తల్లి లేదు. పొగ చెదరిపోగానే అంతా సుఖాంతం. యుద్ధాన్ని ఈ రూపంలో మాత్రమే చూసిన బాలుడు, యుద్ధమంటే ఒకవైపు మాత్రమే మనుషులుండే ఆట అని భావిస్తే ఆ తప్పు అతనిది కాదు. ఆ లోటును పూరించవలసింది పెద్దలు, పాఠశాలలు, పుస్తకాలు.

నిజానికి విశాఖ తీరంలో ఆ శత్రువు ఎంతో దూరాన లేడు. జనం నిలబడి చప్పట్లు కొట్టే ఆ ఇసుకకు ఎదురుగా, సముద్రగర్భంలోనే ఉన్నాడు. 1971లో పాకిస్తాను నౌకాదళానికి ఘాజీ అనే జలాంతర్గామి ఉండేది. అమెరికాలో నిర్మాణమై 1945లో ఆ దేశ నౌకాదళంలో చేరిన ఆ నౌక పూర్వనామం డయాబ్లో. పాకిస్తాను దానిని అమెరికా నుండి కౌలుకు తీసుకొన్నది. భారతదేశపు విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకి ముంచాలన్న లక్ష్యంతో ఘాజీ 1971 నవంబరులో కరాచీ నుండి బయలుదేరి, భారత ద్వీపకల్పాన్ని చుట్టి బంగాళాఖాతంలో ప్రవేశించింది. అప్పటికే విక్రాంత్‌ను అండమాను దీవుల వైపు తరలించి, అది విశాఖ పరిసరాలలోనే ఉన్నదని శత్రువు భ్రమించేటట్లు భారత నౌకాదళం పన్నాగం పన్నింది. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ విశాఖ రేవు వెలుపల పేలి మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ ప్రయోగించిన జలాంతర విస్ఫోటకాల వల్లనే అది మునిగిందని భారత నౌకాదళం, ప్రమాదవశాత్తు పేలిందని పాకిస్తాను చెబుతూ వచ్చాయి. కారణం ఏదైనా ఫలితం ఒక్కటే. అందులోని తొంభైమందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతికి బయటపడలేదు.

ఆ తీరంలోనే మరొక జలాంతర్గామి ఉన్నది. దాని పేరు కురుసుర. 1969లో భారత నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి, 2001లో విశ్రమించింది. 2002 నుండి అది బీచి రోడ్డు పక్కన ప్రదర్శనశాలగా దర్శనమిస్తున్నది. అందులోకి అడుగుపెట్టిన విద్యార్థులు వంగి వంగి నడుస్తారు. ఒకదానిపై ఒకటిగా అమర్చిన ఇరుకు పడకలను, గోడల నిండా పాకిన గొట్టాలను, చిన్న వంటగదిని చూసి, ఇంత చోటులో ఇందరు ఎలా జీవించారా అని అబ్బురపడతారు. అలా అబ్బురపడిన విద్యార్థి బయటకు వచ్చి ఒక్కసారి సముద్రం వైపు చూస్తే చాలు. అటువంటి ఇరుకు పడకల మీద పడుకొన్నవారే, అటువంటి వంటగదిలో వండుకొని తిన్నవారే అక్కడ నీటి అడుగున శాశ్వతంగా నిద్రిస్తున్నారన్న సత్యం బోధపడుతుంది. ఒక నౌక తిరిగి వచ్చింది. మరొక నౌక రాలేదు. కురుసుర నావికులకూ ఘాజీ నావికులకూ మధ్య ఉన్నది జెండాలో భేదమే గాని మనిషితనంలో భేదం కాదు.

2024లో భారత నౌకాదళానికి చెందిన సముద్రగర్భ రక్షణ వాహనం ఘాజీ శకలాలను గుర్తించినట్లు వార్తలు వెలువడ్డాయి. అక్కడ మరణించిన వారి పట్ల గౌరవంతో ఆ శకలాలను తాకకుండా వదలివేసినట్లు కూడ ఆ వార్తలు తెలిపాయి. ఆనాడు విక్రాంత్‌ను ముంచడానికి వచ్చినవారి సమాధికి ఈనాడు విక్రాంత్ వారసులే కావలిగా ఉన్నారు. విన్యాసాల గర్జనలో వినిపించని మాటను ఆ మౌనం వినిపిస్తున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. శత్రువును మనిషిగా తలచుకోవడం దేశభక్తికి లోటు కాదా? అతని చేతిలో మరణించిన సైనికుల త్యాగాన్ని చులకన చేయడం కాదా? ఘాజీ తన లక్ష్యాన్ని సాధించి ఉంటే విక్రాంత్ మీది భారత నావికులు వందలాదిగా జలసమాధి అయ్యేవారు కదా? ఈ ప్రశ్నలు తోసిపుచ్చదగినవి కావు. కాని వీటికి సమాధానం చెప్పవలసినవారు ఒడ్డున నిలబడి మాట్లాడేవారు కారు. యుద్ధంలో స్వయంగా దిగినవారు. వారి చరిత్రను పరిశీలిస్తే సమాధానం స్పష్టంగా లభిస్తుంది.

1965 సెప్టెంబరు 7వ తేదీన భారత వైమానిక దళానికి చెందిన మిస్టియర్ విమానాలు పాకిస్తానులోని సర్గోధా స్థావరంపై దాడికి వెళ్లాయి. కొడగు ప్రాంతానికి చెందిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య ఆనాడు అదనపు పైలట్. వరుసలో ఎవరైనా వెనుదిరిగితే ఆ స్థానాన్ని భర్తీ చేయడం ఆయన విధి. అవసరం ఏర్పడింది, ఆయన ముందుకు సాగారు. దాడి ముగిసింది గాని దేవయ్య తిరిగి రాలేదు. ఏమయ్యారో తెలియలేదు. ఆచూకీ లేనివారి జాబితాలో పేరు చేరింది. తరువాత మరణించినట్లుగా భావించారు. ఏళ్లు గడిచాయి. 1979లో జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయిత పాకిస్తాను వైమానిక దళం దృష్టి నుండి ఆ యుద్ధాన్ని వర్ణిస్తూ ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో ఆనాటి రహస్యం బయటపడింది. ధ్వనికి రెట్టింపు వేగంతో ఎగరగల స్టార్‌ఫైటర్ విమానంలో అంజద్ హుస్సేన్ అనే పైలట్ భారత విమానాలను వెంబడించాడు. దెబ్బతిన్న ఒక మిస్టియర్ పారిపోక, వెనుదిరిగి తనకంటె ఎంతో వేగవంతమైన ఆ విమానంతో తలపడి దానిని కూల్చింది. అంజద్ హుస్సేన్ పారాచూట్‌తో దూకి ప్రాణాలు దక్కించుకొన్నాడు. ఆ మిస్టియర్‌ను నడిపినవారు దేవయ్య తప్ప మరొకరు కావడానికి వీలు లేదు. భారత వైమానిక దళం వివరాలను సరిచూసింది. యుద్ధం ముగిసిన ఇరవైమూడేళ్లకు, 1988లో, దేవయ్యకు మరణానంతరం మహావీరచక్ర ప్రకటించారు.

ఈ ఉదంతం ఒక లోతైన సత్యాన్ని బోధిస్తుంది. ఆ ఒంటరి ఆకాశంలో దేవయ్య శౌర్యాన్ని చూసిన కళ్లు శత్రువువి మాత్రమే. అతడు బ్రతికి ఉండకపోతే, ఆ సంగతి దాచి ఉంటే, ఒక భారత వీరుని కీర్తి ఆయన దేహంతోపాటే మట్టిలో కలిసిపోయేది. వీరుని విలువ అతని పక్షంవారి పొగడ్తలో కంటె ఎదుటి పక్షంవారి సాక్ష్యంలో నిగ్గు తేలుతుంది. శత్రువును పిరికివాడిగా, పనికిమాలినవాడిగా చిత్రించేవారు తమకు తెలియకుండానే స్వపక్ష వీరులను చిన్నబుచ్చుతున్నారు. పిరికివాడిని గెలవడంలో ఘనత ఏమున్నది?

అదే యుద్ధంలో అదే కొడగు ప్రాంతపు మరొక యువకుడు పాకిస్తానుకు చిక్కాడు. అతడు భారత సైన్యానికి పూర్వ సేనాని అయిన జనరల్ కరియప్ప కుమారుడు. నాటి పాకిస్తాను అధ్యక్షుడు అయూబ్ ఖాన్ దేశవిభజనకు పూర్వం కరియప్ప వద్ద పనిచేసినవాడు. పాత పరిచయాన్ని తలచుకొని కుమారుని విడిచిపెడతానని కబురు పంపాడు. కరియప్ప ఆ సహాయాన్ని మృదువుగా నిరాకరించారు. బందీలుగా ఉన్న భారత సైనికులందరూ తనకు కుమారులేననీ, అందరినీ సమానంగా చూడవలసినదనీ ఆయన సమాధానమిచ్చినట్లు ప్రసిద్ధి. ఇక్కడ ఇద్దరినీ గమనించాలి. శత్రుదేశానికి అధినేతగా ఉండి కూడ ఒక తండ్రి వేదనను ఊహించగలిగాడు అయూబ్ ఖాన్. కన్నపేగు కోరికను దిగమింగి ధర్మానికి కట్టుబడ్డారు కరియప్ప. ఇద్దరి మధ్య యుద్ధం ఉన్నది గాని విద్వేషం లేదు.

యుద్ధమంతా ఇటువంటి ఉదాత్త ఘట్టాలతోనే నిండి ఉంటుందని చెప్పడం ఆత్మవంచన అవుతుంది. 1999 మే 27న కార్గిల్ పోరులో తెలుగు కుటుంబానికి చెందిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత నడుపుతున్న మిగ్ విమానం ఇంజను ఆగిపోయి, ఆయన శత్రువులకు బందీగా చిక్కారు. ఆయన కోసం వెదకుతూ వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా విమానం క్షిపణి దెబ్బకు కూలింది. అహూజా ప్రాణాలతో నేల మీద దిగిన తరువాత ఆయనను కాల్చి చంపారని భారతదేశం ఆరోపించింది. బందీ అయిన నచికేతను సైనికులు హింసించారు. అంతలో పైఅధికారి ఒకరు వచ్చి వారిని వారించారని నచికేత స్వయంగా తరువాతి కాలంలో వెల్లడించారు. ఎనిమిది రోజుల తరువాత ఆయన స్వదేశం చేరారు. ఒకే దినాన, ఒకే శత్రుసేనలో క్రౌర్యమూ కనిపించింది, కనికరమూ కనిపించింది. కనుక శత్రువును మనిషిగా గుర్తించడమంటే అతని నేరాన్ని క్షమించడం కాదు. నేరాన్ని నేరమని అనాలి. దానికి జవాబు కోరాలి. అయితే ఆ నేరం చేసిన చేతినీ, ఆ చేతిని ఆపిన చేతినీ ఒకే గాటన కట్టరాదు. ఆ వివేచన లోపించినప్పుడు న్యాయం పగగా మారుతుంది.

పగ వయస్సు ఎంత? ఈ ప్రశ్నకు ఒక లేఖ సమాధానం చెబుతున్నది. 1965 సెప్టెంబరు 19న గుజరాతు ముఖ్యమంత్రి బల్వంతరాయ్ మెహతా ప్రయాణిస్తున్న చిన్న విమానాన్ని కచ్ సరిహద్దు సమీపంలో పాకిస్తాను యుద్ధవిమానం కూల్చివేసింది. ముఖ్యమంత్రి, ఆయన సతీమణి, విమానం నడుపుతున్న జహంగీర్ ఇంజనీర్‌తో సహా అందులోని వారందరూ మరణించారు. ఆనాడు పైవారి ఆజ్ఞపై తుపాకి పేల్చిన యువ పైలట్ ఖైస్ హుస్సేన్. నలభై ఆరేళ్లు గడిచాయి. 2011లో, వార్ధక్యంలో ఉన్న హుస్సేన్ ఆ విమానం నడిపిన జహంగీర్ ఇంజనీర్ కుమార్తెకు లేఖ వ్రాశాడు. ఆనాటి పరిస్థితులను వివరించి, ఆమె తండ్రి మరణానికి తన సంతాపాన్ని తెలిపాడు. ఆ కుమార్తె ద్వేషం లేని జవాబు పంపింది. ఆయుధం ఎత్తినవాడు నలభై ఆరేళ్లు మోసిన బరువును, తండ్రిని కోల్పోయిన బిడ్డ ఒక్క లేఖతో తేలికపరిచింది. ఆకాశంలో విమానం కూలడానికి కొన్ని క్షణాలు చాలు. నేల మీద ఆ గాయం మానడానికి అర్ధశతాబ్దం పట్టింది. విన్యాసాలలో కనిపించేది ఆ కొన్ని క్షణాలే. తరువాతి నలభై ఆరేళ్లను ఏ ప్రదర్శనా చూపలేదు.

శత్రుత్వం ఎంత చంచలమైనదో తెలుసుకోవడానికి కూడ విశాఖ తీరం కన్న మంచి బడి లేదు. 1942 ఏప్రిల్ 6న ఆ నగరం మీదికి నిజంగానే శత్రువిమానాలు వచ్చాయి. అవి జపాను విమానాలు. విశాఖపట్టణం, కాకినాడల మీద బాంబులు కురిశాయి. ప్రాణనష్టం జరిగింది. జనం మూటాముల్లె సర్దుకొని ఊళ్లు విడిచి పరుగులు తీశారు. ఆనాడు ఆకాశంలో వినిపించిన విమానధ్వని చప్పట్లను కాదు, హాహాకారాలను పుట్టించింది. అప్పుడు పేలకుండా మిగిలిపోయిన ఒక బాంబు విశాఖ ప్రదర్శనశాలలో నేటికీ ఉన్నది. 2016లో అదే విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు జపాను యుద్ధనౌక అతిథిగా వచ్చి వరుసలో నిలిచింది. 2023 జూలైలో భారత, జపాను నౌకాదళాలు విశాఖ కేంద్రంగా సంయుక్త విన్యాసాలు జరిపాయి. తాతలు ఏ జెండాను చూసి పారిపోయారో ఆ జెండాకు మనుమలు స్వాగతం పలికారు. శత్రువు అనేది ఒక కాలం ఇచ్చిన పేరు. మనిషి అనేది ఎప్పటికీ నిలిచే పేరు.

ఈ భావన తెలుగువారికి కొత్తది కాదు, పరాయిది అంతకన్నా కాదు. రావణవధ అనంతరం అంత్యక్రియలు జరపడానికి వెనుకాడిన విభీషణునితో, వైరం మరణంతోనే ముగిసిందని శ్రీరాముడు పలికి, ఆ కర్మలను శాస్త్రోక్తంగా జరిపించాడు. కురుక్షేత్ర సంగ్రామం ముగిసి, మృతులకు జలతర్పణాలు విడిచే వేళ కర్ణుడు తన పెద్దకుమారుడని కుంతి వెల్లడించింది. పదిహేడవనాటి యుద్ధం దాకా ఎవని మరణాన్ని కోరుకొన్నాడో అతడే తన అన్న అని తెలిసి ధర్మరాజు కుమిలిపోయాడు. గెలుపు చేతికి వచ్చిన తరువాత అతనికి గెలుపులో రుచి లేకపోయింది. శత్రువు ఎవరో తెలుసుకోవడంలో జరిగిన ఆలస్యమే ఆ దుఃఖానికి మూలం. భారతకథను తరతరాలుగా విన్న జాతికి ఈ పాఠం మరొకరు నేర్పవలసిన అవసరం లేదు. గుర్తు చేసుకొంటే చాలు.

కొందరు శాంతికాముకులు ఇటువంటి సైనిక ప్రదర్శనలే వద్దంటారు. ఆ వాదం సదుద్దేశంతో కూడినదే గాని ఆచరణకు నిలవదు. ఆయుధబలం లేని దేశం ఇతరుల దయాదాక్షిణ్యాలపై ఆధారపడవలసి వస్తుందని చరిత్ర నిరూపించింది. దేశరక్షకుల సామర్థ్యాన్ని ప్రజలు చూడవలసిందే. అయితే చూపు అక్కడితో ఆగిపోరాదు. విన్యాసాలకు పిల్లలను తీసుకొని వెళ్లే పెద్దలు, మరునాడు వారిని కురుసురలోకీ, విజయస్మారకం వద్దకూ తీసుకొని వెళ్లాలి. ఆ నీటి అడుగున ఉన్న ఘాజీ కథ కూడ చెప్పాలి. దేవయ్య పరాక్రమాన్ని చెప్పినప్పుడు, అది ఎవరి సాక్ష్యంతో లోకానికి తెలిసిందో చెప్పాలి. తెలుసుకొన్నంత మాత్రాన పిల్లల దేశభక్తి సన్నగిల్లదు. అది ఆవేశం స్థాయి నుండి వివేకం స్థాయికి ఎదుగుతుంది.

చీకటి పడుతుంది. విమానాలు స్థావరాలకు చేరుకొంటాయి. యుద్ధనౌకలు దీపాలు వెలిగించుకొని సముద్రం మీద తోరణాల వలె మెరుస్తాయి. జనం ఇసుక దులుపుకొని ఇళ్లకు మరలుతారు. ఆ వెలుగుల కిందుగా, అలల కిందుగా, ఏ దీపమూ చేరని చోట ఒక నౌక నిద్రిస్తూ ఉంటుంది. దానిలోని వారు ఈ తీరానికి చేటు తలపెట్టి వచ్చినవారే, సందేహం లేదు. వారిని ఓడించినవారికి జేజేలు పలకడం ప్రజల ధర్మం. ఆ జేజేలు ముగిసిన తరువాత, ఇంటిదారి పట్టేముందు, ఒక్క క్షణం మౌనంగా ఆ నీటి వైపు చూడటం కూడ ధర్మమే. మొదటిది దేశధర్మం, రెండవది మానవధర్మం. ఈ రెండూ తెలిసిన జాతినే వీరజాతి అనాలి.